ఉతికిన చీర

“చీర కట్టుకున్ననే అమ్మా! కొంగు నెత్తి నిండ కప్పుకున్న. అయినా తన్నింది. బకీటు పోయి గోడకు తల్గి సొట్టపడ్డది.”

మున్నా గొంతు ఫోను స్పీకరులోంచి బందరు కోట గోడల మధ్య ఖంగుమంది. అక్కడ హైదరాబాదులో, గౌలిపుర సందులోని బర్రెల కొట్టంలో, మీసాలు తిరిగిన మగవాడు తల్లి చీర చుట్టుకుని నిలబడి మాట్లాడుతున్నాడు. తలుచుకుంటే ఎవరికైనా నవ్వు రావలసిన సంగతే. ఇక్కడ ఫోను చుట్టూ మూగినవాళ్లలో ఒక్కరూ నవ్వలేదు.

“పాలేమన్న వచ్చినయా?” అని మాత్రం అడిగింది ఆండాలు.

“గిలాసెడు గూడ రాలే. లచ్చి చన్ను ముట్టనిస్తలేదు. పొదుగు రాయి లెక్క బిగుసుకున్నది.”

“మల్ల కూసోకు. కొంచెంసేపు ఇడిసిపెట్టు. దాణా పెట్టి చూడు.”

“దాణా గూడ ముడ్తలేదే!”

ఆండాలు ఫోనును పెద్దకొడుకు నగేష్ చేతిలో పెట్టింది. తడి లేని చేతులను కొంగుకు తుడుచుకుంది.

నగేష్ ఫోను జేబులో వేసుకుని, తన మొహం తల్లికి కనబడకుండా కూలిన గోడ వైపు తిరిగాడు. మంచి కొడుకే. కాకపోతే ఓడిన తల్లిని ఓదార్చడం కంటే గెలిచిన మాటను ఇంకోసారి అనడం అతనికి సులువు.

“మాటంటే మాటనే గదమ్మా,” అన్నాడు.

“ఏం మాట రా?” అని అడిగాడు తండ్రి బాలనర్సింహ. ఇంట్లో లొల్లి మొదలైతే ఆయనకు ఏదీ గుర్తుండదు. ఇన్నేళ్ల సంసారంలో ఆయన గట్టిగా నేర్చుకున్న విద్య అదొక్కటే.

“నీ ముంగటనే గద బాపు అనుకున్నది! నేను లేకున్నా ఒక్కపూట లచ్చి పాలిస్తది, ఇయ్యకపోతే బర్రెలను తోలేయుండ్రి, నేను నోరు తెరువ అన్నది ఎవరు? నేనన్ననా? అమ్మనే అన్నది.”

అన్న మాట నిజమే. కొట్టం తీసేసి అక్కడ ఒక గది వేసుకుందామని నగేష్, నా ప్రాణం పోయాక వేసుకోండని ఆండాలు, ఆ ఇంట్లో కొన్నాళ్లుగా పోట్లాడుకుంటున్నారు. ఇబ్రహీంపట్నంలో డెయిరీ పెట్టిన రామ్‌చందర్ రెండు బర్రెలనూ తీసుకుపోవడానికి సిద్ధంగా ఉన్నాడు. చివరికి నగేష్ ఒక మాట విసిరాడు. “ఈ బర్రెల ఎంబడి పడి ఒక్కనాడన్న గౌలిపుర దాటి పండుకున్నవా? సముద్రం ఎట్లుంటదో చూసినవా?” ఆ మాట ఆండాలుకు ఎక్కడో తగిలింది. సముద్రమూ చూస్తాను, లచ్చీ పాలిస్తుంది అని పందెం వేసింది.

ఏర్పాటు కూడా ఆమెదే. సాయంత్రం పాలు పిండి బయల్దేరడం, తెల్లారేసరికి బందరు, మళ్లీ సాయంత్రం పాల వేళకు ఇల్లు. మధ్యలో తప్పేది ఒక్క పూట. ఆ పూట చిన్నకొడుకు మున్నా తన చీర కట్టుకుని పిండాలి.

పాడి ఉన్న ఇళ్లలో ఇది వింతేమీ కాదు. దూడ చచ్చిన బర్రె ఒకరి చేతికే మరుగుతుంది. ఆ మనిషికి జ్వరం వచ్చినా, చుట్టాల ఇంట్లో చావు వచ్చినా, పిండటానికి కూర్చునేవాళ్లు ఆ మనిషి బట్ట కట్టుకోవలసిందే. లచ్చి దూడ చచ్చినప్పటి నుంచి ఆండాలు చేతికి తప్ప చేపి పాలు దించడం లేదు. రెండో బర్రె చూడిది, పాలు లేవు. అందుకే ఆండాలు పిండేటప్పుడు కట్టుకునే పచ్చగళ్ల చీర ఒకటి కొట్టంలో కొయ్యకు ఎప్పుడూ వేలాడుతూ ఉంటుంది. దానికి సబ్బు తగలనివ్వరు. వట్టి నీళ్లలో జాడించి ఆరేస్తారు. చెమట, పేడ, తవుడు, విరిగిన పాలు అన్నీ కలిసిన ఆ వాసనే లచ్చికి ఆండాలు.

ఈ వాసన సంగతి కోడలు కీర్తిప్రియకు నిన్న రాత్రి కారెక్కాక తెలిసింది. మామగారు నవ్వుతూ చెప్పుకుపోతుంటే ఆమె మాత్రం నవ్వలేకపోయింది.

ఎందుకంటే నిన్న మధ్యాహ్నం ఆ చీరను ఆమె వాషింగ్ మిషన్‌లో వేసింది. పూలవాసన నీళ్లు రెండు మూతలు ఎక్కువ పోసింది. మిద్దె మీద ఆరేసి, మడతపెట్టి, మళ్లీ అదే కొయ్యకు వేసింది. పాపం మరిది కట్టుకోవలసిన చీర, కాస్త శుభ్రంగా ఉంటే బాగుంటుంది కదా అనుకుంది. బర్రె గళ్లు చూసి మోసపోతుందనే ఆమె నమ్మకం. హన్మకొండలో మేడ మీది వాటాలో, ప్యాకెట్ పాలు తాగి పెరిగిన పిల్ల మరి.

రాత్రంతా నోరు మెదపలేదు. భయం ఒక కారణం. రెండోది ఆమె తనకు తానే చెప్పుకోలేదు కాని మనం చెప్పుకోవచ్చు. ఆ కొట్టం పోతే వచ్చే గది ఆమెది. పెళ్లైనప్పటి నుంచి ముందు గదిలో, మరిది టీవీ కట్టేసేదాకా కాచుకుని, చాప పరుచుకుని పడుకునే కోడలు ఆమె. బర్రెలు పోవాలని ఆమెకూ ఉంది.

“చాచీ, ఫికర్ చెయ్యకుండ్రి. జెర లోపల చూసొద్దాం,” అన్నాడు కారు నడిపి తెచ్చిన తౌఫీఖ్. గౌలిపురలో వీళ్ల వెనక సందువాడే. ముందుగా కోటకు వెళ్దామన్నదీ అతనే. “మా దాదీ షౌకత్ బీ మస్తు చెప్తుండె. గోల్కొండ జమానల హజ్‌కు పోయే ఓడలు ఈడికెళ్లే పోతుండెనంట. బందరు పోతే నా పేరు మీద ఒక్కసారి చూసి రా బేటా అన్నది.”

అందరూ అతని వెంట నడిచారు. చేసేదేముంది?

కోట అంటే వీళ్ల కళ్ల ముందు గోల్కొండే ఉంది. ఇక్కడ మోకాలెత్తు గడ్డి, పెచ్చులూడిన ఇటుక గోడలు, పైకప్పు ఎగిరిపోయిన పొడుగాటి గదులు. తౌఫీఖ్ అవన్నీ ఫోనులో వీడియో తీస్తూ దాదీకి ఉర్దూలో వివరిస్తున్నాడు. బాలనర్సింహ నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నాలుగు దిక్కులా చూశాడు.

“రేవు రేవు అంటిరి. సముద్రమేది మరి?”

నిజమే, సముద్రం లేదు. కనుచూపు మేరా తుమ్మకంప, చౌడునేల. గాలిలో మాత్రం ఉప్పు తెలుస్తోంది.

సముద్రం కనబడలేదు గాని, ఆండాలుకు బర్రె కనబడింది. గోడ నీడన మేస్తున్న నల్లటి బర్రె, దాని పక్కన కొడవలితో గడ్డి కోస్తున్న ఒక ఆడమనిషి. ఆండాలు ఎవరికీ చెప్పకుండా అటు నడిచింది. కీర్తిప్రియ వెనకే వెళ్లింది.

“జాగ్రత్తమ్మా, కొత్తోళ్లని పొడుస్తాది!” అని కేకేసింది ఆ మనిషి. పేరు నాగమణమ్మట.

బర్రె పొడవలేదు. తల ఎత్తి ఆండాలు చీరను ఒకసారి వాసన చూసి మళ్లీ గడ్డిలో మూతి పెట్టింది. నిన్న పాలు పిండిన చీరతోనే ఆండాలు కారెక్కింది. కొత్త చీర సంచిలోనే ఉంది. “కనీసం చీరన్న మార్చుకోవే” అని నగేష్ రెండుసార్లు అన్నా వినలేదు. రాత్రంతా పక్కన కూర్చున్న కీర్తిప్రియ కిటికీ అద్దం దించుకుని, మొహం బయట పెట్టుకుని వచ్చింది.

“ఈడ సముద్రం లేదా అక్కా?” అంది ఆండాలు.

“ఇక్కడెక్కడుందండీ! అది ఎప్పుడో దూరం జరిగిపోయింది. చూడాలంటే మంగినపూడి వెళ్లాలి.”

“గట్లనా.” ఆండాలు బర్రె వీపు మీద చెయ్యి వేసి నిమిరింది. “ఒక్కపూట పిండకపోతే ఏమన్న అయితదా?”

నాగమణమ్మ కొడవలి ఆపి ఆమెను పైనుంచి కిందికి చూసింది. “మీకు తెలీదేంటమ్మా? ఆ చేతులు చూస్తే తెలిసినోళ్లలాగే ఉన్నారు. ఒక్కపూటకి ఓర్చుకుంటాది. రెండో పూట దాటితే పొదుగు వాస్తాది.”

ఆండాలుకు తెలియక అడగలేదు. ఎవరైనా ‘ఏం కాదు’ అంటే వినాలనుకుంది.

నాగమణమ్మ మళ్లీ గడ్డి కోతలో పడింది, అంతలో మిగతావాళ్లూ వచ్చి చేరారు. బాలనర్సింహకు ఒక ఆలోచన వచ్చింది. ఆయనకు ఆలోచన రావడం అరుదు కాబట్టి అందరూ విన్నారు. “నీ గొంతు వినిపియ్యరాదు? ఫోను దాని చెవుకాడ పెట్టుమను. నువ్వు పిలిస్తే చేపుతదేమో.”

నగేష్ విసుక్కుంటూనే ఫోను కలిపాడు. మున్నా మళ్లీ చీర సర్దుకుని ముక్కాలిపీట మీద కూర్చున్నట్టున్నాడు, బకీటు చప్పుడు వినబడింది.

ఆండాలు ఫోనును నోటికి దగ్గరగా పట్టుకుంది. కోడలు ఇంతవరకూ వినని గొంతుతో పిలిచింది. “లచ్చీ... నా తల్లీ... దా... దా బిడ్డా...”

అవతల లచ్చి అరిచింది. మామూలు అరుపు కాదు. దూడ పోయిన వారం రోజులూ గౌలిపుర సందుకు నిద్ర లేకుండా చేసిన అరుపు అది. వెంటనే మున్నా కేకలు.

“అమ్మా, ఆపే! పలుపు తెంపుకుంటున్నది! గేటు దిక్కు గుంజుతున్నది. నువ్వు బయట ఉన్నవనుకుంటున్నది. ఫోన్ పెట్టెయ్యే!”

ఫోను ఆగిపోయింది. ఆండాలు దాన్ని చెవి దగ్గర అలాగే పట్టుకుని నిలబడింది. ఆమె కింది పెదవి వణకడం కీర్తిప్రియ చూసింది. ఆరు నెలల కాపురంలో అత్తగారి నోట తిట్లు విన్నది, సామెతలు విన్నది, ఈ పెదవి వణకడం మాత్రం చూడలేదు.

“అయిపోయింది గద,” అన్నాడు నగేష్. గొంతు మెత్తగానే ఉంది. “ఇగ దాన్ని ఏడిపియ్యకు, నువ్వు ఏడ్వకు. మందల ఉంటే అదే అలవాటు పడ్తది. రామ్‌చందరన్నకు ఫోన్ చేస్త. రేపు పొద్దుగాల బండి తెమ్మంట.”

“రేపేనా రా?” అన్నాడు బాలనర్సింహ.

“ఎప్పుడైనా అదే గద బాపు.”

అతను నంబరు వెతుకుతున్నాడు. ఇక్కడ మాట్లాడకపోతే ఇక ఎప్పటికీ మాట్లాడలేనని కీర్తిప్రియకు తెలిసింది. గది పోతుందని కూడా తెలుసు.

“ఆగండి,” అంది. “అది లచ్చి తప్పు కాదు. చీర నేను ఉతికిన.”

నగేష్ వేలు ఫోను మీదే ఆగింది.

“ఏ చీర?”

“కొయ్య మీది చీర. నిన్న మిషన్ల ఏసిన. సెంటు నీళ్లు గూడ పోసిన. వాసన చూసి గుర్తుపడ్తదని నాకు తెల్వదు. అత్తమ్మా, నాకు నిజంగ తెల్వదు.”

గోడ మీద ఒక తొండ తల ఊపింది. తౌఫీఖ్ వీడియో ఆపి, ఇంటి మాటల్లో పరాయివాడు ఉండకూడదని మెల్లగా కారు వైపు నడిచాడు.

నగేష్ భార్య దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “ఈ ముచ్చట ఇప్పుడే చెప్పాల్నా?”

“మరెప్పుడు చెప్పాలె?”

“గది కావాలె, గది కావాలె అని ఎవరికోసం తిరుగుతున్న నేను? నాకోసమా?”

“నాకోసమే. నేను కాదన్ననా? కానీ ఇట్ల వద్దు.”

“ఎట్లైతే ఏంది? నువ్వు తెల్వక చేసినవు. అయిపోయింది. మూస్కొని ఉంటే పోయేది.”

“రాత్రంత మూస్కొనే ఉన్న,” అంది కీర్తిప్రియ. “చాత కాలే.”

బాలనర్సింహ దగ్గాడు. జీవితంలో ఒక్కసారైనా ఒక పక్కన నిలబడాలని ఆయనకు అనిపించినట్టుంది. “అయితే పందెం చెల్లది. చీర ఉతికినంక అది గుర్తెట్ల పడ్తది? చెల్లనే చెల్లది.”

“చెల్తది,” అంది ఆండాలు.

అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె కూలిన గోడ రాయి మీద కూర్చుని చెప్పులోంచి పల్లేరుకాయ తీస్తోంది. తల ఎత్తలేదు.

“చీర ఉతికినట్టు నాకెర్కే.”

“ఎర్కేనా? ఎప్పటి సంది?” అన్నాడు నగేష్.

“నిన్న పొద్దుమూకి పిండుడానికి పోయి చీర తీసిన. పూలదుకాణం లెక్క గుబాళించింది. మల్ల కొయ్యకే ఏసి, ఒంటిమీది చీరతోనే పిండిన.” ఆమె పల్లేరుకాయను దూరంగా విసిరింది. “ఈ చీర ఇడిసి మున్నాకు ఇచ్చి రావచ్చు. ఇయ్యలే. అందుకే నువ్వు మార్చుకొమ్మన్నా మార్చుకోలే. ఇడిసిన చీర ఇంట్ల ఉంటే వాడు కట్టుకుంటడని.”

“మరెందుకు వచ్చినవే?” భర్త గొంతులో మొదటిసారి కోపం వినబడింది.

“ఓడిపోదామని.”

అంత మాట ఆమె నోట వస్తుందని వాళ్లలో ఎవరూ అనుకోలేదు.

“నాకు చేతులు గుంజుతున్నయి. పిడికిలి బిగుస్తలేదు. పొద్దుగాల లేస్తే నడుము లేస్తలేదు. అయినా ‘అమ్ముండ్రి’ అని నా నోటితోని ఎట్లంటనయ్యా? మా అత్త చేతికెళ్లి నాకు వచ్చిన కొట్టం అది. పందెంల పోయిందంటే ఎవరి మీదా మాట ఉండదు, నా మీద గూడ ఉండదు అనుకున్న. చీర ఉతికి ఈ పిల్ల నాకు దారి ఇచ్చింది. ఊకున్న.”

రాత్రంతా పక్కపక్క సీట్లలో కూర్చుని అత్తాకోడళ్లిద్దరూ ఒకే సంగతి దాచుకుంటూ వచ్చారన్నమాట.

“అయితే ఇగ లొల్లేంది?” అన్నాడు నగేష్. అతని మొహంలో గెలుపు లేదు. “నువ్వు గూడ అదే అనుకున్నవు. రామ్‌చందరన్నకు చెప్త.”

“అరుపు ఇనకముందు అనుకున్న,” అంది ఆండాలు. “ఇన్నంక నాకే తెలుస్తలేదు.” ఆమె లేచి చీర దులుపుకుంది. “నన్నడగకుండ్రి. కీర్తినడుగుండ్రి. రేపటి సంది ఆ ఇంట్ల ఉండేది, చేసేది ఆ పిల్లనే. బర్రెలు కావాల్నో గది కావాల్నో ఆమెనే చెప్తది.”

“అత్తమ్మా, నేనా?”

“నువ్వే. నోరున్నదని ఇప్పుడే తెలిసింది గద.”

ఉరుము ఉరిమి మంగలం మీద పడటమంటే ఇదే. నగేష్ భార్య వైపు చూశాడు, కీర్తిప్రియ చౌడునేల వైపు చూసింది.

కారు దగ్గర తౌఫీఖ్ టైం చూసుకుంటున్నాడు. “చాచీ, సముద్రం దిక్కు పోతే వాపస్ పోయేసరికి పాల యాల్ల దాటుతది. ఇట్లనే హైదరాబాద్ తిప్పేద్దామా?”

“నేను చేరితె చేపుతది. కొంచెం చీకటైనా ఓర్చుకుంటది.” ఆండాలు ముందు సీట్లో కూర్చుంది. “ఇంత దూరమొచ్చి రేవు చూసి సముద్రం చూడకపోతె నలుగురు నవ్వుతరు. పోనియ్ బిడ్డా.”

మంగినపూడి దారిలో బాలనర్సింహ బందరు లడ్డు పొట్లం విప్పి అందరి ముందూ తిప్పాడు. ఎవరూ తీసుకోకపోతే తనే ఒకటి నోట్లో వేసుకున్నాడు.

సరుగుడు తోట దాటగానే సముద్రం ఒక్కసారిగా కనబడింది. కారు ఆగీ ఆగకముందే ఆండాలు తలుపు తెరుచుకుని దిగింది. చెప్పులు అక్కడే వదిలేసి నల్లటి తడి ఇసుకలో నీళ్ల వైపు నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు.

అప్పుడే నగేష్ ఫోను మోగింది. అతను పేరు చూసి, ఎత్తి, భార్య చేతిలో పెట్టాడు.

“రామ్‌చందరన్న. మున్నాగాడు చెప్పినట్టున్నడు. తీస్కో, నువ్వే చెప్పు. అమ్మ అన్నది గద.”

“హలో? నగేష్ భాయ్? రేపు పొద్దుగాల బండి తేవాల్నా వద్దా? డ్రైవరుకు ఇప్పుడే చెప్పాలె నేను,” అంటోంది ఫోను.

కీర్తిప్రియ ఫోనును అరచేత్తో మూసి పట్టుకుని అత్తగారి వెనక పరుగెత్తింది. ఇంత పనిని తన ఒక్కదాని నెత్తిన పెట్టి ఈమె నీళ్లలో ఆడుకుంటుందా అని ఒళ్లు మండింది. ఆ కోపమూ ఎక్కువసేపు నిలవలేదు.

ఆండాలు చీలమండల లోతు నీళ్లలో ఉంది. అల వచ్చినప్పుడల్లా చిన్నపిల్లలా నోరు తెరిచి చూస్తోంది. చుట్టూ స్నానాలకు వచ్చిన ఆడవాళ్లంతా తడిసి ముద్దయ్యారు. ఆమె మాత్రం చీరను మోకాళ్ల పైకి ఎగదోసి, కుచ్చిళ్లు రెండు చేతులా పట్టుకుని, కొంగు మెడకు చుట్టుకుని, అల దగ్గరికి వస్తే వెనక్కి గెంతుతోంది.

“అత్తమ్మా, రామ్‌చందర్ ఫోన్ల ఉన్నడు. ఏం చెప్పమంటరు?”

ఆండాలు విననట్టే ఉంది. ఒక పెద్ద అల వచ్చింది. ఆమె మరో రెండు అడుగులు వెనక్కి వేసి చీరను ఇంకా పైకి లాక్కుంది.

“తడిస్తే తడవనియ్యండి, ఆ గుంజుకునుడేంది? సంచిల కొత్త చీర ఉన్నది గద.”

“తడువొద్దు,” అంది ఆండాలు. చూపు సముద్రం మీదే ఉంది. “ఉప్పు నీళ్లు తగిల్తె వాసన పోతది. మాపటికి పక్కన నేను కూసుంట గని, పిండేటప్పుడు ఇది నీ ఒంటిమీద ఉండాలె.”

ఫోనులో రామ్‌చందర్ మూడోసారి హలో అన్నాడు. కీర్తిప్రియ దాని మీదినుంచి చెయ్యి తీసింది.